‘తన’ తెలిసిన బిడ్డకు ‘హిజ్’ బరువు కాదు

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి పాఠం)



అమ్మనుడి హక్కుల కోసం ఏర్పాటైన సభలో ఇంగ్లీషు సర్వనామాల గురించి మాట్లాడతానని నేను చెప్పినప్పుడు నిర్వాహకులు కొంత ఆశ్చర్యపోయారు. అమ్మనుడికీ ఇంగ్లీషు వ్యాకరణానికీ ఏమి పొత్తు అన్నారు. ఆ పొత్తును చూపించడమే ఈనాటి నా పని. “ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలకు ఇంగ్లీషు రాదు” అన్న భయం మన సరిహద్దు పల్లెలలో ఇంటింటా పాకింది. బడిలో తెలుగును ప్రభుత్వాలు తీసివేశాయని మనం ఆక్రోశిస్తున్నాం. అందులో న్యాయముంది. కాని ఇంటిలోని తెలుగును తీసివేస్తున్నది ఈ భయమే. ఈ భయానికి ఆధారం లేదని నా వృత్తి నాకు నేర్పింది. ఎవరిది ఏది అని చెప్పే చిన్న మాటలను, అంటే నా, మా, మన, తన అనే మాటలను తీసుకుని ఆ సంగతి వివరిస్తాను.

కొన్నేళ్ళ క్రిందట నేను కోలారు జిల్లాలో పనిచేస్తున్న రోజులలో ఒక రైతు తన కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుతున్నది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పైనుంచి వచ్చిన అధికారికి కన్నడం గాని తెలుగు గాని రాదని, తండ్రి చెప్పిన అర్జీని ఆ అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చింది. తండ్రి చెప్పిన వాక్యం ఇది: “మా అన్న, తన పొలం గట్టు తెగిందని మా తమ్ముడికి కబురు చేశాడు.” దీనిని ఆ అమ్మాయి ఇలా వ్రాసింది: “అవర్ ఎల్డర్ బ్రదర్ ఇన్‌ఫార్మ్‌డ్ అవర్ యంగర్ బ్రదర్ దట్ ది బండ్ ఆఫ్ హిజ్ ఫీల్డ్ వాజ్ బ్రోకెన్.” అధికారి ఆ వాక్యం చదివి, తెగినది తమ్ముడి పొలం గట్టు అనుకున్నారు. నష్టం తమ్ముడి పేర నమోదైంది. అది సరిచేయించుకోవడానికి ఆ కుటుంబం పైరు కోతకు వచ్చేదాకా తిరిగింది.

ఆ అమ్మాయి నా ఎదుట తల వంచుకుని నిలబడింది. “నాకు ఇంగ్లీషు రాదు సార్, మాది తెలుగు ఇల్లు కదా” అన్నది. ఆ మాట నన్ను ఈనాటికీ బాధిస్తున్నది. ఎందుకంటే ఆమె వ్రాసిన ‘హిజ్’లో వ్యాకరణ దోషం లేదు. చూపు లేనిది ఆ ఇంగ్లీషు మాటకు. తెలుగులో ‘తన పొలం’ అంటే కబురు చేసిన అన్నది. ‘అతని పొలం’ అంటే మరొకరిది. ఇంగ్లీషులో రెండింటికీ ‘హిజ్’ ఒక్కటే. తెలుగు ఇంటి బిడ్డ కావడం ఆమె లోపం కాదు. తన తెలుగులో ఉన్న తేడా ఇంగ్లీషులో లేదని ఆమెకు ఎవరూ చెప్పకపోవడమే లోపం.

ఎవరి? ఎవరిది?

మొదటి మెట్టు నుంచి బయలుదేరుదాం. మై, మైన్ అనే రెండు మాటల మధ్య పిల్లలు తడబడతారు. “దిస్ బుక్ ఈజ్ మై” అంటారు. వ్యాకరణ గ్రంథాలు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టి భయపెడతాయి. తెలుగు బిడ్డకు ఆ పేర్లతో పని లేదు. ‘ఎవరి?’ అని అడిగితే వచ్చే జవాబు ఒకటి, ‘ఎవరిది?’ అని అడిగితే వచ్చే జవాబు ఇంకొకటి. ఎవరి పుస్తకం? నా పుస్తకం. ఈ పుస్తకం ఎవరిది? నాది. ‘నా’ అన్నచోట మై, ‘నాది’ అన్నచోట మైన్. అంతే.

ఈ వరుసను చివరిదాకా చెప్పుకోవచ్చు. నీ అన్నచోట యువర్, నీది అన్నచోట యువర్స్. మా అన్నచోట అవర్, మాది అన్నచోట అవర్స్. ఆమె అన్నచోట హర్, ఆమెది అన్నచోట హర్స్. వారి అన్నచోట దెయిర్, వారిది అన్నచోట దెయిర్స్. హిజ్ ఒక్కటి మారదు. అతని అన్నా అతనిది అన్నా హిజ్ అనే వస్తుంది. మన ‘ది’ ఎక్కడ చేరుతుందో అక్కడ ఇంగ్లీషు మాట కూడా రూపు మార్చుకుంటుంది. పలకపై రెండు గళ్ళు గీసి ఒక పూటలో నేర్పదగిన పాఠమిది.

ఇక్కడే మరొక చిక్కు కూడా విడిపోతుంది. ‘నా స్నేహితుడొకడు’ అనడానికి మన పిల్లలు “మై వన్ ఫ్రెండ్” అంటారు. ఇంగ్లీషు పలుకుబడి “ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్”. అంటే ‘నావాళ్ళలో ఒక స్నేహితుడు’ అన్న ధోరణి. ‘ఆఫ్’ తరువాత మై గాని మీ గాని రాదు; మైన్, అవర్స్, హర్స్ వంటి ‘ఎవరిది’ రూపమే వస్తుంది.

వ్రాతలో జరిగే పొరపాటు ఒకటున్నది. పేర్లకు స్వామ్యం చెప్పేటప్పుడు ఇంగ్లీషులో ఎస్ అక్షరానికి ముందు పైన ఒక కామా పెడతారు. దానిని అపాస్ట్రఫీ అంటారు. రాముని, సీత యొక్క అన్నప్పుడు అది ఉండాలి. కాని యువర్స్, హర్స్, అవర్స్, దెయిర్స్, ఇట్స్ అనే సర్వనామాలకు అది ఉండరాదు. వీటిలో ‘ఇట్స్’ పెద్దపెద్ద చదువులు చదివినవారిని కూడా బోల్తా కొట్టిస్తుంది. పైన కామా ఉన్న ఇట్స్ వేరు. అది ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హాజ్’ అనే రెండు మాటల కుదింపు. దీనికి తెలుగు పరీక్ష ఉన్నది. ఆ చోట ‘దాని’ అని అర్థం వస్తే కామా వద్దు. ‘అది’ అని అర్థం వస్తే కామా కావాలి. ‘ఆవు దాని దూడను నాకింది’ అన్నచోట కామా లేదు. ‘అది వేడిగా ఉంది’ అన్నచోట ఉన్నది.

మా ఆయన ఎందరికి భర్త?

రెండవ మెట్టు మా, మన. ఇది మన భాషకున్న సొత్తు. ఎదుటివారిని కలుపుకొంటే మన. వారిని విడిచి చెబితే మా. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. ఉన్నది ‘అవర్’ ఒక్కటే. రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రకటించినప్పుడు, ఈ రెండు విధాలైన ‘మేము–మనము’ను ద్రావిడ భాషల విశేష లక్షణాలలో ఒకటిగా చూపించారు. తమిళంలో ఎంగళ్, నమ్ అని ఈ తేడా ఈనాటికీ నిలిచి ఉన్నది. మరాఠీలో ఆమ్హీ, ఆపణ్ అని ఉన్నది. నేటి కన్నడంలో మాత్రం ‘నమ్మ’ అన్న ఒక్క మాటే రెండింటికీ సరిపోతుంది. కాబట్టి బళ్ళారిలో, కోలారులో, చిక్కబళ్ళాపురంలో కన్నడం ద్వారా ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు బిడ్డకు ఈ తేడా బడిలో ఎక్కడా ఎదురుకాదు. ఇంటిలో తెలుగు ఉన్నంతకాలమే అది ఆ బిడ్డకు దక్కుతుంది.

ఈ ‘మా’ మర్యాదకు కూడా వాడుతాం. ఒక్కడే కొడుకైనా ‘మా అమ్మ’ అంటాడు గాని ‘నా అమ్మ’ అనడు. ఒంటరిగా ఉన్నవాడు కూడా ‘మా ఇల్లు’ అంటాడు. కుటుంబం ఒక్కరిది కాదన్న భావన మన మాటలోనే ఉన్నది. దానిని ఉన్నదున్నట్లు ఇంగ్లీషులోకి తెస్తే నవ్వులపాలవుతాం. ‘మా ఆయన’ అన్న మాటను “అవర్ హస్బెండ్” అంటే, ఆ మహానుభావుడు ఎందరికి భర్త అని అడుగుతారు. ‘మా అమ్మ’ అన్నచోట మై మదర్, ‘మా ఊరు’ అన్నచోట మై విలేజ్ అని ఒక్కరు మాట్లాడేటప్పుడు చెప్పాలి. తోబుట్టువులిద్దరు కలసి చెబుతుంటే అవర్ మదర్ అనవచ్చు. ఇందాకటి అర్జీలో కూడా ‘మా అన్న’ను మై ఎల్డర్ బ్రదర్ అనవలసింది.

ఇది నవ్వుకుని విడిచిపెట్టే సంగతి మాత్రమే కాదు. మనం అధికారులకు ఇచ్చే విజ్ఞాపనలలో “అవర్ చిల్డ్రన్ షుడ్ బి టాట్ ఇన్ అవర్ లాంగ్వేజ్” అని వ్రాస్తున్నాం. వ్రాసేటప్పుడు మన మనసులో ఉన్నది ‘మా పిల్లలు, మా భాష’. చదివే అధికారికి అది ‘మన పిల్లలు, మన భాష’ అని కూడా అర్థం కావచ్చు. ఆయన భాష ఆ రాష్ట్ర భాష. “అవును, మన భాషలోనే చెబుతున్నాం కదా” అని ఆయన అనుకుంటే ఆ వాక్యంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అందుచేత ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు ‘అవర్’ మీద భారం వేయవద్దు. “తెలుగు, ది మదర్ టంగ్ ఆఫ్ దీజ్ చిల్డ్రన్” అని భాష పేరూ, పిల్లలెవరన్నదీ విప్పి వ్రాయండి. మా–మన తేడా తెలిసినవాడికే ఈ జాగ్రత్త తోస్తుంది.

తన, అతని, వారి

మూడవ మెట్టు తన. “రాముడు సోమునితో తన ఎద్దు తప్పిపోయిందన్నాడు” అంటే ఎద్దు రామునిది. “రాముడు సోమునితో అతని ఎద్దు తప్పిపోయిందన్నాడు” అంటే సోమునిది, లేదా వేరొకనిది. ఇంగ్లీషులో రెండు చోట్లా హిజ్. కాబట్టి ఇద్దరు మగవారు గాని ఇద్దరు ఆడవారు గాని ఒకే వాక్యంలో ఉన్నప్పుడు హిజ్, హర్ వాడే ముందు ఆగాలి. ‘ఇక్కడ తెలుగులో తన అంటానా, అతని అంటానా?’ అని ప్రశ్నించుకోవాలి. ఆ తేడా ఇంగ్లీషు వాక్యంలో కనబడకపోతే పేరు మళ్ళీ వ్రాయాలి, లేదా వాక్యాన్ని రెండుగా విరవాలి, లేదా చెప్పినవాని మాటను ఉన్నదున్నట్లుగా ఉదాహరింపు గుర్తుల మధ్య పెట్టాలి. అర్జీలో, వీలునామాలో, భాగపరిష్కార పత్రంలో, పోలీసు ఫిర్యాదులో ఇది తప్పనిసరి. పేరు రెండుసార్లు వస్తే వాక్యం అందం చెడుతుందేమోనని సంకోచించవద్దు. అందంకంటె ఆస్తి ముఖ్యం.

‘ఓన్’ అనే మాట కొంత సాయపడుతుంది. “హిజ్ ఓన్ ఫీల్డ్” అంటే ‘తన సొంత పొలం’. కాని అది కూడా అన్ని వేళలా అనుమానాన్ని తీర్చదు. పేరు చెప్పడమే క్షేమం.

హిజ్ ఎప్పుడు, హర్ ఎప్పుడు అన్నది మరొక ప్రశ్న. సొంతదారు మగవాడైతే హిజ్, స్త్రీ అయితే హర్. సొంతమైనది ఏదన్నదానితో పని లేదు. మరాఠీలో సొంతమైనదాని లింగాన్ని బట్టి కూడా మాట చివర మారుతుంది; త్యాచా భావూ, త్యాచీ బహీణ్ అంటారు. గడ్చిరోలి జిల్లా సిరొంచ ప్రాంతంలో మరాఠీ బడిలో చదివే తెలుగు బిడ్డ ఆ అలవాటుతో ‘అతని చెల్లెలు’ అనడానికి హర్ సిస్టర్ అనే ప్రమాదముంది. తెలుగులో అతని అన్న, అతని చెల్లెలు, మాట మారదు. ఇంగ్లీషులోనూ మారదు. ఇక్కడ ఇంగ్లీషుకు దగ్గరి దారి బడి భాష కాదు, ఇంటి భాష.

మన మర్యాద వల్ల కలిగే పొరపాటు ఇంకొకటి. గురువుగారిని, తండ్రిగారిని మనం బహువచనంలో గౌరవిస్తాం. ‘నాన్నగారు తమ ఊరికి వెళ్ళారు’ అన్నదానిని పిల్లలు “మై ఫాదర్ వెంట్ టు దెయిర్ విలేజ్” అని వ్రాస్తారు. ఇంగ్లీషు సర్వనామానికి గౌరవ బహువచనం లేదు. ఒక్కరైతే ఎంత పెద్దవారైనా హిజ్ లేక హర్. అలా వ్రాయడం అగౌరవమేమోనని పిల్లలు జంకుతారు. ఆ భాష మర్యాదను ‘సర్’, ‘ప్లీజ్’ వంటి వేరే మాటలలో దాచుకున్నదని వారికి చెప్పాలి. అయితే ‘ప్రతి ఒక్కరూ తమ పుస్తకం తెచ్చుకోవాలి’ వంటి చోట, ఆడో మగో తెలియనప్పుడు “ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దెయిర్ బుక్” అనడం నేడు ఒప్పుకోలుగా ఉన్నది. పాత పుస్తకాలు అక్కడ హిజ్ అనే వ్రాయమనేవి.

‘సెల్ఫ్’ తన గడప దాటదు

నాలుగవ మెట్టు మైసెల్ఫ్, హిమ్‌సెల్ఫ్ వంటివి. ముందు వాటి రూపాలు చూద్దాం. మై, అవర్, యువర్ అనే ‘ఎవరి’ రూపాలకు సెల్ఫ్ చేరితే మైసెల్ఫ్, అవర్‌సెల్వ్స్, యువర్‌సెల్ఫ్. కాని మూడవ మనిషి దగ్గర హిమ్, దెమ్ అనే ‘ఎవరిని’ రూపాలకు చేరి హిమ్‌సెల్ఫ్, దెమ్‌సెల్వ్స్ అవుతాయి. హిజ్‌సెల్ఫ్, దెయిర్‌సెల్వ్స్ అన్నవి తప్పు. ఒక్కరైతే సెల్ఫ్, పలువురైతే సెల్వ్స్. మనం ఒక పెద్దమనిషిని ‘మీరు’ అంటాం గనుక ఆయనను ఉద్దేశించి యువర్‌సెల్వ్స్ అనబోతాం. ఆయన ఒక్కరే కాబట్టి యువర్‌సెల్ఫ్ అనాలి.

ఇక ప్రయోగం. ఇంటర్వ్యూలలో మన పిల్లలు “మైసెల్ఫ్ రమణ” అని మొదలుపెడతారు. ఇది మన దేశమంతటా ఉన్న అలవాటు. మైసెల్ఫ్‌కు ముందు ‘ఐ’ అనే కర్త ఉండాలి. ఆ కర్త చేసిన పని మళ్ళీ తన మీదనే పడినప్పుడు మైసెల్ఫ్ వస్తుంది. ‘నేను నన్ను అద్దంలో చూసుకున్నాను’: “ఐ సా మైసెల్ఫ్ ఇన్ ది మిర్రర్.” పేరు చెప్పడానికి “ఐ యామ్ రమణ” లేక “మై నేమ్ ఈజ్ రమణ” చాలు. ‘నేనూ రమణా వెళ్ళాం’ అనడానికి “రమణ అండ్ ఐ వెంట్”. ‘నాకు తెలియజేయండి’ అనడానికి “ప్లీజ్ ఇన్‌ఫార్మ్ మీ”. మైసెల్ఫ్ అంటే మర్యాద ఎక్కువని అనుకోవడం భ్రమ.

తెలుగు ‘తాను’కూ ఇంగ్లీషు ‘హిమ్‌సెల్ఫ్’కూ ఉన్న తేడాను నేను తరగతిలో గడపతో పోల్చి చెప్పేవాడిని. పెద్ద వాక్యంలో చిన్న వాక్యం ఒదిగి ఉంటే ఆ చిన్న వాక్యం ఒక గది. మన ‘తాను’ ఆ గది గడప దాటి బయటి గదిలోని యజమానిని చేరగలదు. ‘తనను పిలిచారని రాముడు చెప్పాడు’ అంటే పిలిచినది రాముణ్ణే. ఇంగ్లీషు ‘సెల్ఫ్’ గడప దాటలేదు. దానికి యజమాని ఆ గదిలోనే ఉండాలి. కనుక “రామ సెడ్ దట్ దే హాడ్ కాల్డ్ హిమ్” అనాలి. ఆ చోట హిమ్‌సెల్ఫ్ అంటే తప్పు. ఎందుకంటే ఆ గదిలో ఉన్న కర్త ‘దే’, రాముడు కాదు. తెలుగులో తన, తనను, తనకు కనబడిన ప్రతిచోటా సెల్ఫ్ వేయకూడదు. ముందు గడప ఎక్కడుందో చూడాలి.

‘నేనే వ్రాశాను’ అనేటప్పుడు మన ‘ఏ’కారం బలాన్నిస్తుంది. దానిని పిల్లలు “ఐ ఓన్లీ రోట్ ఇట్” అంటారు. ఆ బలాన్ని ఇంగ్లీషు సెల్ఫ్ ఇస్తుంది: “ఐ రోట్ ఇట్ మైసెల్ఫ్.” “బై మైసెల్ఫ్” అంటే ‘ఒంటరిగా’ అని గాని, ‘ఎవరి సాయమూ లేకుండా’ అని గాని అర్థం.

‘కొను’ చెప్పే రహస్యం

చివరి మెట్టు మన ‘కొను’. చూసుకొను, కడుక్కొను, దువ్వుకొను, కోసుకొను. చేసినవాడికే ఫలితం చెందుతుందని ఈ చిన్న క్రియ చెబుతుంది. అందుకే దీనిని ఆత్మార్థకమంటారు. కన్నడంలో మాడికొళ్ళు, తమిళంలో శెయ్దుకొళ్ అని మన తోబుట్టు భాషలలోనూ ఇది ఉన్నది. ఇంగ్లీషులో ఇటువంటి క్రియ లేదు. అది ఈ పనిని మూడు నాలుగు దారులలో చేస్తుంది.

ఒకటి: ఒంటికి, ఒంటి మీది బట్టకు సంబంధించిన పని అయితే ‘ఎవరి’ రూపం వేస్తుంది. ‘చేతులు కడుక్కున్నాను’ అన్న తెలుగు వాక్యంలో ‘నా’ లేదు, అవసరం లేదు. ఇంగ్లీషులో “ఐ వాష్డ్ మై హ్యాండ్స్” అని మై ఉండి తీరాలి. తల దువ్వుకుంది: “షి కోంబ్డ్ హర్ హెయిర్.” వేలు కోసుకున్నాడు: “హి కట్ హిజ్ ఫింగర్.” మన పిల్లలు విడిచిపెట్టే మై, హిజ్, హర్‌లలో ఎక్కువ భాగం ఈ చోటనే. ‘కొను’ వినబడింది, ఒంటి భాగం పేరు వచ్చింది, వెంటనే ‘ఎవరి’ రూపం వెయ్యి అని చెబితే చాలు.

రెండు: ‘తన కోసం’ అన్న అర్థముంటే సెల్ఫ్ వేస్తుంది. వంట చేసుకున్నాను: “ఐ కుక్డ్ ఫర్ మైసెల్ఫ్.”

మూడు: ‘కొను’ పరస్పరమైతే సెల్ఫ్ పనికిరాదు. ‘పిల్లలు కొట్టుకున్నారు’ అన్నదానికి “దే హిట్ ఈచ్ అదర్” అనాలి. దెమ్‌సెల్వ్స్ అంటే ఎవరిని వారే కొట్టుకున్నారని అర్థం.

నాలుగు: చాలాచోట్ల ఏమీ వేయదు. పడుకున్నాడు, గుర్తుచేసుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు అన్నచోట సెల్ఫ్ రాదు. పెళ్ళి దగ్గర హిమ్‌సెల్ఫ్ వేస్తే తనను తానే వివాహమాడినట్లవుతుంది.

ఇల్లే మొదటి బడి

ఇంతవరకు చెప్పిన నియమాలన్నింటిలో నేను పిల్లలను అడగమన్న ప్రశ్నలేమిటి? ఎవరి? ఎవరిది? మాదా, మనదా? తనదా, అతనిదా? ‘కొను’ ఉన్నదా? ఇవన్నీ తెలుగు ప్రశ్నలు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని తల్లి కూడా వీటిని అడగగలదు. బిడ్డ పలక పట్టుకుని కూర్చున్నప్పుడు పక్కన కూరలు తరుగుతూనే “ఒరే నాయనా, ‘హిజ్’ అన్నావు, అది తనదా, అవతలివాడిదా?” అని అడిగితే, ఆ తల్లి సగం పాఠం చెప్పినట్లే. మిగిలిన సగం ఉపాధ్యాయుని పని. తెలుగు విడిచిపెట్టిన ఇంట్లో ఈ ప్రశ్న పుట్టదు. అక్కడ బిడ్డకు ఇంగ్లీషు పూర్తిగా రాదు, తెలుగు ఆసరా ఉండదు.

పిల్లవాని భాష నుంచే చదువు మొదలు కావాలన్నది మనకు కొత్త కాదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి నుడిలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వెలువరించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మన వ్యావహారిక భాషోద్యమ పితామహుడు ఒక సరిహద్దు ఊరి బడిపంతులన్న సంగతి మనం మరువరాదు. ఇంకొకరి బిడ్డకు అమ్మనుడి కావాలని ఆయన శ్రమించారు. మన బిడ్డలకు మనం ఆ మాత్రం చేయలేమా?

1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతున్నది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు కనీసం అయిదవ తరగతి దాకా ఇంటి భాషలోనో స్థానిక భాషలోనో బోధన ఉండాలన్నది. ఈ అధికరణాన్ని చూపి అడుగుతూనే ఉందాం. బడిలో ఉన్న రాష్ట్ర భాషను కూడా శ్రద్ధగా నేర్చుకుందాం. దానితో మనకు వైరం లేదు. కాని అడిగినది వచ్చేదాకా ఇంటి తెలుగును ఆపవద్దు. ఇంగ్లీషు పేరు చెప్పి అసలే ఆపవద్దు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆనాడు నేను ఆమె చేత అర్జీని తిరిగి వ్రాయించాను. ‘తన’ అన్నచోట గీత గీయమన్నాను. గీసింది. ఇంగ్లీషులో ఆ గీత ఎక్కడ పోయిందో చూడమన్నాను. కొంతసేపు చూసి, హిజ్ కొట్టివేసి, ఆ చోట పెదనాన్న పేరు వ్రాసింది. “అవర్” రెండూ కొట్టివేసి “మై” వ్రాసింది. తరువాత తలెత్తి, “అయితే సార్, తెలుగులో ఉన్నది ఇంగ్లీషులో లేదన్నమాట” అన్నది. అవునమ్మా అన్నాను. ఆ పూట ఆమె తల వంచుకుని వెళ్ళలేదు.

ఇక్కడ కూర్చున్న ప్రతి బిడ్డా అలా తలెత్తుకుని ఇంటికి వెళ్ళాలని నా కోరిక. సెలవు.